జ్ఞాపకశక్తికి ఇంటి షేకు

పరీక్షల దినములు సమీపించునప్పుడు మా గృహ కార్యక్రమమునకు వచ్చు ఉత్తరముల ధోరణి మారును. అంతవరకు వంటలను, పాటలను కోరిన తల్లులే, "పిల్లవాడు రాత్రి చదివినది తెల్లవారునప్పటికి మరచిపోవుచున్నాడు, మెదడునకు బలమిచ్చు పానీయమేదైన తెలుపగలరు" అని వ్రాయుదురు. ఇటీవలి సంవత్సరములలో మరియొక రకపు ఉత్తరములును వచ్చుచున్నవి. అవి కుమారులును కోడండ్రును వ్రాయునవి. "మా అత్తగారు పొయ్యిమీద పాలు పెట్టి మరచిపోవుచున్నారు. బాదం, అక్రోటు వేసిన షేకు రోజును ఇచ్చుచున్నాము. ఇంకను ఏమి కలుపవలెను?" అని వారి ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకును సమాధానము ఒక్క గ్లాసులో ఇముడునని అడుగువారి నమ్మకము. అది ఎంతవరకు ఇముడునో, ఆ గ్లాసును ఇంటిలో ఎట్లు సిద్ధము చేసికొనవలెనో ఈ ప్రసంగమున వివరింపదలచినాము.

పెద్దవారి మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. శరీరపు బరువులో ఇది నూటికి 2 వంతులు మాత్రమే. అయినను, మనము ఊరక కూర్చుండినప్పుడు శరీరము ఖర్చుచేయు శక్తిలో ఇంచుమించు ఐదవ వంతును ఈ చిన్న అవయవమే హరించును. ఎదుగు పిల్లలలో ఈ వాటా ఇంకను హెచ్చు. ఇంత ఖర్చుగల మెదడు తనకంటూ దాచుకొను ఇంధనము మాత్రము అత్యల్పము. గ్లూకోజును, ప్రాణవాయువును రక్తము ఎడతెగక తెచ్చి యియ్యవలసినదే. మెదడులోని తేమను తీసివేసినచో మిగులు పదార్థమున సగమునకు పైగా కొవ్వు జాతికి చెందినదే. అందులో డి.హెచ్.ఎ. అను ఒమేగా-3 కొవ్వు ఆమ్లము ముఖ్యమైనది. ఇవిగాక ఇనుము, అయొడిన్, బి-12 విటమిను మొదలగునవి కావలెను. వీనిలో ఏది లోపించినను ఏకాగ్రతయో, జ్ఞాపకమో, నేర్చుకొను శక్తియో దెబ్బతినును.

ఇంతవరకు వినినవారు, "అట్లయిన వీనినెల్ల దండిగా ఇచ్చినచో మెదడు దండిగా పనిచేయును గదా!" అని తలంపవచ్చును. బజారులోని డబ్బాల ప్రకటనలన్నియు ఈ తలంపుమీదనే ఆధారపడియున్నవి. ప్రమిదలో నూనె లేనిచో దీపము వెలుగదు. నిజమే. కాని నిండిన ప్రమిదలో మరి నాలుగు చెంచాల నూనె పోసినంతమాత్రమున వెలుగు నాలుగింతలు కాదు. నూనె పీటమీదికి పొరలును, అంతే.

ఇది మా ఊహ కాదు. 1989లో ప్రకటింపబడిన ఒక పరిశోధన జమైకా దేశపు పాఠశాల పిల్లలపై జరిగినది. ఒక దినమున ఉదయపు ఆహారమిచ్చియు, మరియొక దినమున ఇయ్యకయు వారికి పరీక్షలు పెట్టిరి. పోషణ చాలని పిల్లలు ఆహారము లేని దినమున స్పష్టముగా వెనుకబడిరి. చక్కగా పెరిగిన పిల్లలలో అట్టి నష్టము కనబడలేదు. వృద్ధుల విషయమునను ఇంచుమించు ఇట్టిదే తేలినది. స్పెయిను దేశమున బార్సిలోనాలోను, అమెరికాలోని లోమా లిండాలోను 63 మొదలు 79 ఏండ్ల వయస్సుగల 700 మందికి పైగా ఒక పరిశోధనలో పాల్గొనిరి. వారిలో ఒక వర్గము రోజునకు 30 మొదలు 60 గ్రాముల అక్రోటు పప్పును రెండేండ్లపాటు తినినది. రెండవ వర్గము తినలేదు. 2020లో వెలువడిన ఫలితము ప్రకారము మొత్తముమీద ఈ రెండు వర్గముల జ్ఞాపకశక్తికిని భేదము లేదు. కాని బార్సిలోనా వారిని వేరుచేసి చూచినప్పుడు, అక్రోటు తినినవారిలో క్షీణత కొంత నెమ్మదించినట్లు కనబడినది. లోమా లిండా వారు మొదటినుండియు మంచి ఆహారమునకు అలవాటుపడినవారు. బార్సిలోనా వారి ఆహారమున ఆ జాతి కొవ్వు తక్కువ. లోటు ఉన్నచోటనే గింజ పనిచేసినదని దీనినిబట్టి భావింపవచ్చును. (అక్రోటు పప్పు మెదడు ఆకారమున ఉండుటచేతనే మెదడునకు మంచిదని చెప్పువారు కలరు. ఆ తర్కమే నిజమైనచో కాలీఫ్లవరు అంతకంటె గొప్ప ఔషధము కావలసియుండును.)

కావున షేకులో ఏమి వేయవలెనను ప్రశ్నకు ముందు, ఇంటిలో లోటు ఎచ్చట ఉన్నదో చూచుకొనవలెను. మన దేశమున పిల్లల విషయమున మొదట అనుమానింపవలసినది రక్తహీనతను. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 6 నెలలు మొదలు 5 ఏండ్ల లోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది. ఇది కొందరి ఇండ్ల సంగతి కాదు, వీధిలో సగము ఇండ్ల సంగతి. ఇనుము చాలని పిల్లవాడు మందకొడిగా ఉండును, త్వరగా అలయును, పాఠముమీద మనస్సు నిలుపలేడు. పెద్దలు దానిని సోమరితనమని మందలింతురు. అట్టివానికి బాదంపాలు ఎన్ని గ్లాసులు పట్టించినను ప్రయోజనము స్వల్పము. ఏలయన పాలలో ఇనుము లేదనియే చెప్పవచ్చును, పైగా పాలలోని సున్నపు పదార్థము ఇతర ఆహారములోని ఇనుమును శరీరము గ్రహింపకుండ కొంత అడ్డగించును. టీ, కాఫీల దోషము అంతకంటెను ఎక్కువ. ఇనుముగల ఆకుకూర, పప్పు, మాంసము భోజనముతో తినవలెను. వానితోపాటు ఉసిరికాయయో, నిమ్మరసమో, జామపండో ఉండవలెను. షేకు వేరొక పూట త్రాగవలెను. ముఖము పాలిపోయియున్న పిల్లలకు రక్తపరీక్ష చేయించుట మరి మంచిది. అయొడిన్ విషయమున భయము తగ్గినది. 2006 నుండి అయొడిన్ లేని ఉప్పును తినుటకై విక్రయించుట నిషేధింపబడినది. కల్లుప్పునే నమ్ముకొన్నవారు మాత్రము పొట్లముమీద ఏమి వ్రాసియున్నదో ఒకసారి చదువుకొనవలెను.

ఇక డబ్బాలు. 2024 ఏప్రిలులో కేంద్ర వాణిజ్య మంత్రిత్వశాఖ ఆన్‌లైను అంగళ్లవారికి ఒక సలహా పంపినది. పానీయములను "ఆరోగ్య పానీయములు" అను వర్గమున చూపవలదని అందలి సారాంశము. మన ఆహార చట్టమున "ఆరోగ్య పానీయము" అను మాటకు నిర్వచనమే లేదు. డబ్బా వెనుక చిన్న అక్షరములలో 100 గ్రాముల పొడికి పంచదార ఎన్ని గ్రాములో అచ్చువేసియుందురు. ముందువైపున ఉన్న కళ్లజోడు పిల్లవాని బొమ్మకంటె ఆ అంకె చదువుట లాభకరము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చేసిన సూచన ప్రకారము, పెద్దవారు విడిగా కలుపుకొను పంచదార రోజు మొత్తముమీద 25 గ్రాములకు, అనగా ఇంచుమించు 6 చిన్న చెంచాలకు మించకుండుట ఉత్తమము. పిల్లలకు ఇంకను తక్కువే. ఇంటిలో చేయు షేకునకు ఉన్న మొదటి సుగుణము ఇదియే: అందులో ఏమి వేసితిమో మనకు తెలియును.

ఇప్పుడు చేయు విధానము చెప్పెదము. ఇది పెద్దవారికి ఒక గ్లాసు; ఎనిమిది, పది ఏండ్ల పిల్లలకు ఇందులో సగము చాలును. బాదం పప్పులు 8, అక్రోటు పప్పు సగములు 4, అవిసె గింజల పొడి ఒక పెద్ద చెంచా, అనగా 7 గ్రాములు, కాచి చల్లార్చిన పాలు 200 మిల్లీలీటర్లు, చిన్న అరటిపండు ఒకటి, ఏలకి ఒకటి. పంచదార అక్కరలేదు. అరటిపండు బాగుగా మాగినదైనచో ఆ తీపియే సరిపోవును.

అవిసె గింజలనగా తమలపాకు తోటలలో తీగలకు నీడగా పెంచు అవిసె చెట్టు గింజలు కావు. నూనె తీయు అవిసెలు, గోధుమవన్నెతో నిగనిగలాడు చదునైన చిన్న గింజలు. కొన్నిచోట్ల మదనగింజలని కూడ అందురు. వీనిని గింజలుగానే మ్రింగినచో పైపెంకు జీర్ణము కాక, వచ్చిన దారినే పోవును. అందుచేత పొడి చేయవలెను. సన్నని సెగపై చిటపటలాడువరకు వేయించి, పూర్తిగా చల్లారిన తరువాతనే మిక్సీలో వేయవలెను. వేడిమీద త్రిప్పినచో నూనె వెలికివచ్చి పొడి ముద్దగట్టును. ఒక వారమునకు సరిపడునంత మాత్రమే చేసి, గాలి చొరని సీసాలో పోసి, ఫ్రిజ్‌లో ఉంచవలెను. ఈ నూనె త్వరగా చెడును. పొడి రంగువాసన వేసినచో, లేదా నాలుకపై చేదు తగిలినచో, ధరను తలచుకొని జాలిపడక పారవేయవలెను. అక్రోటు పప్పునకును ఇదే నియమము. దాని పలుచని పొరకు సహజముగా ఉండు వగరు వేరు, మిగులబెట్టిన పప్పు చేదు వేరు. రెండు మూడు సార్లు రుచి చూచినవారికి భేదము తెలియును.

బాదం, అక్రోటులను రాత్రి నీటిలో నానవేయుదురు. నానినవి మెత్తగా నలుగును. పిల్లలకు అది మేలు. నానవేయుటవలన గింజలోని శక్తి ఇబ్బడిముబ్బడి యగునని చెప్పుటకు మాత్రము ఆధారము లేదు. బాదం తొక్క తీయవలెనా వలదా అను వాదము మా కార్యాలయమునందే ఇంకను తేలలేదు. తొక్కలో పీచు కలదు. తీసినచో నునుపు వచ్చును. ఎవరి యిష్టము వారిది.

మిక్సీలో అన్నియు ఒకేసారి పోయరాదు. పాలు మొదటనే పోసినచో పప్పులు పాలలో తేలుచు తిరుగునే గాని నలుగవు. నానిన పప్పులను, ఏలకి గింజలను, రెండు పెద్ద చెంచాల పాలతో ముందు వెన్నవలె త్రిప్పవలెను. తరువాత అరటిపండు ముక్కలు, ఆపైని మిగిలిన పాలు. అవిసె పొడి కడపట వేసి ఒక్క త్రిప్పు త్రిప్పి, వెంటనే త్రాగవలెను. ఆ పొడికి నీటిని పీల్చుకొను గుణము కలదు. పావుగంట నిలువయున్నచో షేకు జిగురుగట్టి, పిల్లలు ముఖము చిట్లించుకొనునట్లగును. వడగట్టరాదు, వడగట్టినచో పీచు జల్లెడలో మిగిలి తీపి గ్లాసులో దిగును.

ఈ గ్లాసులో సుమారు 350 కాలరీల శక్తియు, 12 గ్రాముల మాంసకృత్తులును ఉండును. అనగా ఇది ఫలాహారమునకు బదులే గాని, నాలుగిడ్లీలు తినిన తరువాత త్రాగు పానీయము కాదు. ఆ భేదము గమనింపక నెల తిరుగునప్పటికి బరువు పెరిగినదని వాపోవుట కలదు. అవిసె పొడివలననే ఒకటిన్నర గ్రాములకు పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లము లభించును. ఇది ఒమేగా-3 జాతిదే. ఒక్క మాట దాచరాదు: ఈ ఆమ్లమును మెదడునకు కావలసిన డి.హెచ్.ఎ.గా మార్చుకొను శక్తి మన శరీరమునకు కొద్దిగా మాత్రమే ఉన్నది. ఆ పదార్థమును తిన్నగా ఇచ్చునవి కానాగంతలు మొదలగు సముద్రపు చేపలు. చేపలు తినువారు వారమునకు రెండు పర్యాయములు తినినచో ఆ లోటు వారికి ఉండదు. తినని వారికి అవిసెయు, అక్రోటును ఉన్నంతలో ఊరట.

ఈ సందర్భమున అరటిపండును గూర్చి ఒక వింత సంగతి చెప్పవలెను. షేకులో నేరేడు, నల్లద్రాక్ష, కోకో మొదలగునవి కలుపుట నేడు వాడుకైనది. ద్రాక్షలోను కోకోలోను ఫ్లావనాల్స్ అను పదార్థములుండును. రక్తనాళములకు ఇవి మంచివని పరిశోధకుల అభిప్రాయము. అరటిపండును కోసి ఉంచినచో నల్లబడును గదా. దానికి కారణమైన ఎంజైము, ఈ ఫ్లావనాల్స్‌ను మిక్సీలోను, కడుపులోను గూడ పాడుచేయుననుమాట. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలోని పరిశోధకులు పాల్గొన్న ఒక పరిశోధన 2023లో వెలువడినది. అరటి షేకుతో ఈ పదార్థమును పుచ్చుకొన్నవారి రక్తమున, మాత్రగా పుచ్చుకొన్నవారి రక్తమునకంటె అది నూటికి 84 వంతులు తక్కువగా చేరినదట. పరీక్షకు లోనైనవారు కొద్దిమందియే. అయినను, అరటియు కోకోయు ఒక జాడిలో వేయకుండుటకు మనకు ఖర్చేమియు లేదు. కావున అరటి షేకు అరటితోనే చేసికొందము. ద్రాక్షల కాలమున, ఎండలు తగ్గి నేరేడు వచ్చు దినములలో, గింజ తీసిన పండ్లను పెరుగుతో త్రిప్పి, తీపికి రెండు ఖర్జూరములు వేసికొనవచ్చును. వంగపండు రంగున చూచుటకును ముచ్చటగా ఉండును.

అక్రోటు కాశ్మీరమునుండి రావలెను, బాదం అంతకంటె దూరమునుండి. ఈ ధరలు అందరికి అందునవి కావు. అందవలసిన పనియు లేదు. వేయించి పొట్టు తీసిన గుప్పెడు వేరుసెనగ పప్పు, చెంచాడు నువ్వులు ఈ స్థానమును చాలవరకు పూరింపగలవు. వేరుసెనగలో నూటికి ఇంచుమించు 25 వంతులు మాంసకృత్తులే. బాదముకంటె హెచ్చేగాని తక్కువ కాదు. ఒమేగా-3 మాత్రము అందులో లేదు. ఆ పనికి చవుకైన అవిసె గింజలు ఎట్లును ఉన్నవి. మన అంబలి ఉన్నదే, అది మన పూర్వుల షేకు. రాగిపిండిని జావ కాచి, రాత్రి పులియనిచ్చి, తెల్లవారి మజ్జిగ కలిపి త్రాగుట. పులియుటవలన, ధాన్యములోని ఖనిజములను పట్టియుంచు ఫైటేట్ తగ్గి, ఇనుము మొదలగునవి శరీరమునకు మరింత చక్కగా ఒంటబట్టును. అందులో రెండు చెంచాల వేరుసెనగ పొడి కలిపినచో, పరీక్షకు పోవు పిల్లవానికి మధ్యాహ్నమువరకు ఆకలి తెలియదు. ఆహారములలోని పోషక విలువలను లెక్కగట్టి దేశమునకెల్ల పట్టికలు సమకూర్చి యిచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాదులోనే యున్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో ఇచ్చటికి వచ్చినది. ఆ పట్టికలలో రాగులకు ఎదురుగా ఉన్న సున్నపు పదార్థపు అంకెను ఒకసారి చూచినవారు అంబలిని తక్కువచేసి మాటాడరు.

సరస్వతి ఆకును షేకులో వేయవచ్చునా యని పలువురు అడుగుదురు. ఇచ్చట పేర్ల చిక్కు కలదు. బ్రాహ్మి అను ఒక్క పేరుతో రెండు వేరువేరు మొక్కలు చెలామణి యగుచున్నవి. ఒకటి, గుండ్రని ఆకులతో నేలబారున ప్రాకునది. మనము సాధారణముగా సరస్వతి ఆకు అనునది ఇదియే. రెండవది, దళసరియైన చిన్న ఆకులతో తడినేలలందు పెరుగునది. జ్ఞాపకమునకు సంబంధించి ఎక్కువ పరిశోధనలు జరిగినది రెండవదానిపై. మూడు నెలలపాటు దాని సారమును, లెక్కప్రకారము తయారైన మాత్రలుగా ఇచ్చినప్పుడు, కొన్ని పరీక్షలలో స్వల్పమైన మేలు కనబడినది. కడుపులో వికారమును కొందరికి కలిగినది. ఆ మాత్రల లెక్కకును, పెరటిలో త్రుంచి వేసిన నాలుగాకుల లెక్కకును సంబంధము లేదు. ఇష్టమైనవారు పచ్చడి చేసికొనవచ్చును. మురుగు కాలువల చెంత పెరిగినదానిని మాత్రము కోయరాదు. ఇట్టి మొక్కలు నీటిలోని విష లోహములను తమలోనికి పీల్చుకొనును.

పెద్దల మరపు సంగతి కడపట చెప్పుచున్నాము గాని, అది అన్నిటికంటె ముఖ్యమైనది. 2023లో ప్రకటింపబడిన అంచనా ప్రకారము మన దేశమున 60 ఏండ్లు పైబడినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా అను మతిమరపు వ్యాధి కలదు. షేకు ఇచ్చుచున్నామను తృప్తితో వైద్యుని కడకు పోవుట వాయిదా వేయుటయే ఇందులో మా భయము. ఏలయన, మరపునకు గల కారణములలో కొన్ని చికిత్సకు లొంగునవి. బి-12 లోపము అట్టిది. అరికాళ్లలో తిమ్మిరి, నడకలో తూలు, నీరసము, మరపు కలిసి కనబడినచో దీనిని అనుమానింపవలెను. మాంసాహారము ముట్టని వృద్ధులలోను, మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ మాత్రను ఏండ్ల తరబడి వాడువారిలోను ఈ లోపము తరచుగా కనబడును. గ్లాసెడు పాలలో ఒక దినమునకు కావలసిన బి-12లో సుమారు మూడవ వంతు ఉండును. కాని వయస్సు మీరిన కడుపు దానినైనను సరిగా గ్రహింపకపోవచ్చును. రక్తపరీక్షతో తెలియును, సూదిమందుతోనో మాత్రలతోనో సరిదిద్దవచ్చును. ఆలస్యమైనచో కొంత నష్టము శాశ్వతముగా మిగులును. థైరాయిడు మాంద్యమును అట్టిదే. మెట్‌ఫార్మిన్‌ను తమంతట తాము మానివేయరాదు; వైద్యుని అడిగి బి-12 చూపించుకొనిన చాలును. రక్తపుపోటు, మధుమేహము, చెవుడు, వీనిని సరిదిద్దుకొనుట డిమెన్షియా ముప్పును తగ్గించు ఉపాయములలో చేరినవని 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము తెలిపినది. చెవుడుతో అత్తగారు మాట వినబడక ఊరకుండుటను మరపుగా భ్రమించు ఇండ్లును లేకపోలేదు.

వృద్ధులకు షేకు ఇయ్యదలచినచో కొలతలు కొంత మార్చవలెను. మధుమేహము ఉన్నవారికి అరటిపండు సగము చాలును, ఖర్జూరము వలదు. పానీయమును ఫలాహారపు లెక్కలో చేర్చి ఇడ్లీలు తగ్గింపవలెను. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడుగక గింజలను, అరటిని తీసికొనరాదు. గింజలు పడని శరీరములు కలవు. మొదటిసారి త్రాగినప్పుడు దద్దురులుగాని, పెదవుల వాపుగాని, ఆయాసముగాని వచ్చినచో మరల ముట్టక, వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఐదేండ్ల లోపు పిల్లలకు పప్పు పలుకు మిగులకుండ మెత్తగా త్రిప్పవలెను. పలుకు గొంతున అడ్డుపడు ప్రమాదము కలదు. మ్రింగుట కష్టమైన ముసలివారికి మరీ పలుచనిదికంటె కొంచెము చిక్కనిదియే సులభముగా దిగును. అట్టివారికి గ్లాసుతో ఎత్తి పోయక, నిటారుగా కూర్చుండబెట్టి, చిన్న చెంచాతో నెమ్మదిగా పట్టవలెను. మిక్సీ జాడిలో అవిసె జిగురు ఎండకముందే నీళ్లు పోసి ఒక త్రిప్పు త్రిప్పినచో, తరువాత తోముటకు శ్రమ ఉండదు.